ఫైవ్ స్టార్ డ్రిల్లు మాస్టారు

డీవీడీలు చూడటం వల్ల మనిషికి ఒరిగేదేమీ లేదు. ఇంట్లో కంప్యూటర్లో డీవీడీ చూపించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి కదా, వాటి గురించి జనం ఇంటర్నెట్లో రాసిన రివ్యూలు చదవండి, జన్మ తరిస్తుంది!

నవ్వకండి. నేను సరదాకి చెప్పటం లేదు. ఆమధ్య ఒక ఆదివారం నాకు స్వయంగా అనుభవమైంది.

అసలు మన అభిప్రాయం ఈ లోకంలో ఎవరిక్కావాలి చెప్పండి? ఆఫీసులో మీటింగు పెట్టి మరీ అడుగుతారు, మనం నోరు తెరిచేలోపు టీ వచ్చేస్తుంది. కర్టెన్లు ఏ రంగువి తీసుకుందామని ఇంట్లో అడుగుతారు, మనం చెప్పిన రంగు తప్ప అన్నీ బేరం చేస్తారు. మరి మనిషన్నవాడు ఎక్కడికి పోవాలి? ఇదిగో, ఈ రివ్యూల దగ్గరికి రావాలి! ఇక్కడ ఎవరైనా రాయొచ్చు. ఏమైనా రాయొచ్చు. సాఫ్ట్‌వేర్ వాడి ఉండాలన్న నిబంధన కూడా లేదు!

ఇంతకీ నాకీ భాగ్యం ఎలా పట్టిందో చెప్పాలి. మా అత్తగారు కొన్నాళ్లుండి పోదామని మా ఇంటికొచ్చారు. వస్తూ ఒక డీవీడీ తెచ్చుకున్నారు. మా మామగారు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేశారు. ఆయన రిటైరైన రోజున బళ్లో చేసిన సన్మానం తాలూకు డీవీడీ అది. ఆ రోజు అత్తగారు సభలో లేరు. మా ఆవిడ పురిటికని తోడుగా ఆసుపత్రిలో ఉన్నారు. మామగారు మాట్లాడుతూ చివర్లో ఆవిడ గురించి ఏదో అన్నారట. ఏమన్నారో చెప్పమని అడిగితే, "ఏదో అన్నాలే" అని నవ్వి ఊరుకున్నారట. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే నవ్వు. పోయినేడు ఆయన పోయారు. ఈమధ్య బడి గుమాస్తా బీరువా సర్దుతుంటే ఈ డిస్కు కనిపించిందని తెచ్చిచ్చాడు.

అత్తగారింట్లో కంప్యూటర్ లేదు. ఇక్కడ ఉంది. కానీ అల్లుడికి పని చెప్పటానికి మొహమాటం! డిస్కుని బట్టల అడుగున పెట్టుకుని, ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూ, ఊరెళ్లే రోజు పొద్దున బయటికి తీశారు. సాయంత్రం బస్సు. ఆలోపు ఆయన ఏమన్నారో ఆవిడ వినాలి. అంతకు మించి మాకు పనేమీ లేదు.

డిస్కు పెట్టాను. దీన్ని చూపించే సాఫ్ట్‌వేర్ నా దగ్గర లేదు పొమ్మంది కంప్యూటర్.

"ఏదో ఒకటి వేసెయ్యండి" అంది మా ఆవిడ.

ఏదో ఒకటా! ఆయన గొంతు ఏదో ఒకదాంట్లో వినిపిస్తామా? నేను చదువుకున్నవాణ్ణి. సబ్బు కొనాలన్నా నలుగురినీ అడిగి కొనేవాణ్ణి. కుర్చీ ముందుకు లాక్కుని రివ్యూలు తెరిచాను.

ఆహా! ఏం జ్ఞానమండీ! మొట్టమొదటాయన ఇలా రాశాడు: "ఇంకా వాడలేదు. వాడాక వివరంగా రాస్తాను. నాలుగు స్టార్లు." ఎంత నమ్మకం! పెళ్లిచూపుల్లో కూడా ఇంత నమ్మకం చూడలేదు నేను. తర్వాతాయన ఒకే ఒక్క స్టారిచ్చాడు. కారణం? "హీరో చివర్లో చచ్చిపోయాడు." ఇంకొకాయన కంప్యూటర్లో అసలు డీవీడీ పెట్టే చోటే లేదట. మోసపోయానని ఒకటే గోల. మరొకాయన బొమ్మ వస్తోంది గానీ మాట రావటం లేదన్నాడు. స్పీకర్ ఆన్ చేశారా అని ఎవరో అడిగారు. "స్పీకర్ కూడా ఉండాలా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ?" అని ఆయన మండిపడ్డాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇది: "మా బావమరిది తెగ మెచ్చుకుంటే వేశాను. బాగానే పనిచేస్తోంది. కానీ బాగుందంటే వాడి మాట నెగ్గినట్టవుతుంది. అందుకని ఒక స్టారు." ఇంత నిజాయితీ పేపర్లలో దొరుకుతుందా? మీరే చెప్పండి!

కొట్లాటలు కూడా ఉన్నాయి. బొమ్మ కింద మాటల అక్షరాలు పెద్దవిగా రావాలా చిన్నవిగా రావాలా అన్న దానిమీద "తుఫాను" అన్నాయనా, "ప్రశాంతం" అన్నాయనా పేజీలకి పేజీలు తిట్టుకున్నారు. ఇద్దర్లో దారుణంగా తిట్టింది ప్రశాంతమే. ఏడాది గడిచాక ఒకరి కళ్ల ఆపరేషన్ గురించి మరొకరు పరామర్శించుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయి. సాఫ్ట్‌వేర్ సంగతి ఇద్దరూ ఎప్పుడో మర్చిపోయారు, నేనూ మర్చిపోయాను.

ఈలోగా అత్తగారు కళ్లజోడు తుడుచుకుని వచ్చి నా వెనక కుర్చీలో కూర్చున్నారు. భోజనాలకి లేచి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. ఆవిడ సంచీ అప్పటికే గుమ్మం పక్కకి చేరింది.

"ఇంకా చదవాల్సినవి ఉన్నాయా బాబూ?"

"అయిపోవచ్చిందండీ. తొందరపడకూడదు."

"తొందరేం లేదులెండి" అన్నారావిడ. అని గడియారం వంక చూశారు.

మా ఆవిడ మాత్రం వంటింట్లో గిన్నెలు మామూలుగా సర్దటం లేదు. ఆ చప్పుడుకి అర్థం నాకు తెలుసు. మీకూ తెలుసు. కానీ సత్యాన్వేషణలో ఉన్నవాడు గిన్నెలకి భయపడతాడా? కొంచెం భయపడ్డాను. అందరికన్నా ఎక్కువ ఫైవ్ స్టార్లు ఉన్న సాఫ్ట్‌వేర్ ఒకటి చూసి, చటుక్కున వేసేశాను. ఉచితం కూడాను! దాని రివ్యూల్లో తిట్టు అన్నది మచ్చుకైనా లేదు. "అద్భుతం", "అమోఘం", "ఇంటిల్లిపాదీ చూశాం" అని బారులు తీరి ఉన్నాయి.

బొమ్మ వచ్చింది! బడి హాలు, వరసగా కుర్చీలు, మెడలో దండలతో మామగారు. అత్తగారు కుర్చీ అంచుకి జరిగారు. మా ఆవిడ గిన్నెలు వదిలేసి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

ముందు హెడ్‌మాస్టారు లేచారు. "మాస్టారికి కోపమంటే ఏమిటో తెలియదు!" అన్నారు. అత్తగారు దగ్గారు. తర్వాత లెక్కల మాస్టారు లేచి, "ఒక మాట పడేవారు కాదు, ఒక మాట అనేవారు కాదు!" అన్నారు. అత్తగారు మళ్లీ దగ్గారు. గుమాస్తా లేచి, మాస్టారంత ఓపిక తనకి ఎక్కడా కనపడలేదన్నాడు. మా ఆవిడ మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంది. అన్నీ ఫైవ్ స్టార్లే!

చివరికి మామగారు లేచారు. మైకు సరిచేసుకున్నారు. "ఇంతమంది ఇంత మంచిగా చెప్పారు, సంతోషం. ఇక మా ఆవిడ సంగతికొస్తే..."

టంగుమని చప్పుడైంది. ఆయన మొహమ్మీద ఒక పెద్ద తెల్ల డబ్బా వచ్చి కూర్చుంది. "మా సాఫ్ట్‌వేర్ మీకు ఎలా ఉంది? మీ అభిప్రాయం మాకెంతో విలువైనది!" దాని కింద ఐదు ఖాళీ స్టార్లు. మూయటానికి మీట లేదు. ఉచితంగా చూసేవాళ్లు అభిప్రాయం రాస్తేనే మిగతాది కనపడుతుందని అడుగున చీమ తలకాయంత అక్షరాలు.

ఒళ్లు మండింది. ఒక స్టారిచ్చాను. "క్షమించండి, మళ్లీ ప్రయత్నించండి" అంది. మూడిచ్చాను. "ఇంకొంచెం ఆలోచించండి" అంది. నాలుగిస్తే, "దగ్గరికొచ్చారు!" అంది.

అప్పుడు వెలిగింది నాకు. ఆ పొగడ్తలన్నీ రాసింది ఎవరు? నాలాంటివాళ్లే! పాపం ఒక్కొక్కళ్ల వెనకా కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుని ఉన్నారు, ఏదో ఒక మొహం మీంచి ఆ డబ్బా ఎప్పుడు లేస్తుందా అని. వాళ్ల ఏడుపుని పట్టుకుని నేను పొద్దుటి నుంచి పాఠంలా చదువుతున్నాను.

"దాన్ని ఆయన మొహం మీంచి తియ్యండి బాబూ" అన్నారు అత్తగారు. 

అయిదు స్టార్లూ నొక్కి, "అద్భుతం! ఇంటిల్లిపాదీ చూస్తున్నాం!" అని రాశాను. డబ్బా లేచింది.

"...ఆవిడ ఇవాళ ఇక్కడ లేదు. ఉంటే మీ మాటలన్నీ విని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నాతో వేగింది ఆవిడ. నేనెలాంటివాణ్ణో మీకెవరికీ తెలీదు, ఆవిడకి తెలుసు. ఎవరైనా ఒక్కసారి ఆవిణ్ణి అడిగి చూడండి." సభలో అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చుని, దండలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

 అత్తగారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఎవరడిగారు?" అన్నారు. "ఆ తర్వాత ఎంతమంది ఇంటికొచ్చారు! కాఫీ అడిగారు. మంచినీళ్లు అడిగారు. ఇదొక్కటీ ఎవ్వరూ అడగలేదు."

 నేను మాత్రం అడిగానా? ఇన్నేళ్లుగా వాళ్లింటి అల్లుణ్ణి. ఊరూ పేరూ లేనివాళ్ల మాటలు చదవటానికి పొద్దంతా దొరికింది, వెనక్కి తిరిగి ఈవిణ్ణి ఒక్క మాట అడగటానికి నాకు తీరిక దొరకలేదు.

"ఇప్పుడు నేను అడుగుతున్నానండీ. మామగారు ఎలాంటివారు?"

ఆవిడ ఆలోచించారు. రివ్యూలు రాసేవాళ్లెవరూ అంతసేపు ఆలోచించి ఉండరు.

"మనిషి మంచివారే. ఎక్కడికెళ్లినా నన్ను వెనక వదిలేసి గబగబా ముందుకెళ్లిపోయేవారు. అదొక్కటే" అన్నారు. అని, "మళ్లీ ఒకసారి వెయ్యండి బాబూ" అన్నారు.

మళ్లీ వేశాను. మామగారు మైకు సరిచేసుకునేసరికి డబ్బా మళ్లీ వచ్చింది. ఈసారి అద్భుతం, అమోఘం అని రాయబుద్ధి కాలేదు. అయిదు స్టార్లు నొక్కి, ఆవిడ చెప్పిన రెండు ముక్కలూ ఉన్నదున్నట్టు రాసేశాను. డబ్బా లేచింది. ఆవిడ మరోసారి విన్నారు, బస్సుకి వెళ్లారు.

ఈ మధ్య ఊరికే ఆ సైటు తెరిచి చూశాను. ఆవిడ రాయించిన రివ్యూ అక్కడే ఉంది. చాలామంది తమకు ఉపయోగపడిందని నొక్కారు కూడా. కింద కంపెనీవాళ్ల జవాబు: "వేగం సమస్యను మా దృష్టికి తెచ్చినందుకు ధన్యవాదాలు. వచ్చే వెర్షన్లో తప్పక నెమ్మదిగా వెళ్లేలా చేస్తాం."

అత్తగారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు నవ్వారు.

"ఇప్పుడెందుకులే బాబూ" అన్నారు.