క్లాసైన సంబంధాలు

ఆ పొద్దున శ్రీదుర్గ అనుకున్న పని చాలా చిన్నది. దెందులూరులో బస్సెక్కి ఏలూరు వెళ్ళాలి. చేపల చెరువుల రైతు సంఘం ప్రెసిడెంటు బుల్లిరాజుకి తాను రాసిన సాఫ్ట్‌వేరు చూపించాలి. ఆయన సరేనంటే ఉద్యోగం పర్మినెంటు, కాదంటే రేపట్నించి ఇంట్లోనే. ఈ సంగతి ఆమె తల్లి రత్నమాణిక్యానికీ తెలుసు. తెలిసి ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు.

"నీ పనేంటో తెలుగులో ఓ ముక్క చెప్పవే. ఎవరడిగినా 'కంప్యూటరండీ' అనడం నాకు నామోషీగా ఉంది," అంది తల్లి పెసరట్టు తిరగేస్తూ.

"క్లాసుల మధ్య సంబంధాలు కలుపుతానమ్మా. ఏ క్లాసుకి ఏది సరిపోతుందో చూసి ముడిపెడతాను," అంది శ్రీదుర్గ జడ వేసుకుంటూ. ప్రోగ్రాములో ఒక్కో రకం వివరాల మూటని క్లాసంటారని తల్లికి తెలీదు.

"చాలా కలిపావా?"

"బోలెడు. ఒక్కటీ తెగలేదు."

"ఒకళ్ళకి ఒకళ్ళేగా?"

"అదేం లేదు. ఒకళ్ళకి చాలామంది, చాలామందికి చాలామంది కూడా ఉంటారు."

అట్టు మాడింది. "ఆ మాట మాత్రం బయట అనకే తల్లీ!"

ఆ మాట తప్ప మిగతాదంతా రత్నమాణిక్యమే బయట అంది. వినడానికి పక్కింటి వీరరాఘవమ్మ ఉండనే ఉంది. పెళ్ళిసంబంధాలు చూడటంలో ఊళ్ళో ఆవిడ మాటే మాట. "మా అమ్మాయి కంప్యూటర్లో మంచి క్లాసు సంబంధాలు కలుపుతుందండీ. ఒక్కటీ తెగలేదంట!" అనేసరికి తనకి పోటీ వచ్చిందనుకుంది వీరరాఘవమ్మ. నిజమో కాదో కనుక్కుందామని నల్లజర్లలో చెల్లెలికి ఫోను చేసింది. చెల్లెలు తాడేపల్లిగూడెంలో ఇద్దరికి ఆఫీసు అడ్రసుతో సహా చెప్పింది.

ఏలూరులో తివాచీల కొట్టు మీద మేడగది శ్రీదుర్గ ఆఫీసు. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని రెండు గంటలైనా కాలేదు, మెట్లనిండా జనం, చేతుల్లో ఫోటోలు, జాతకాలు.

"మావాడు బ్యాంకులో ఆఫీసరమ్మా, కాస్త మంచి క్లాసులో కలపండి," అన్నాడొక పెద్దాయన.

ఆఫీసు యజమాని ఖలీద్ తల పట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇది? బుల్లిరాజు గారొచ్చే వేళయింది!"

బుల్లిరాజు అప్పటికే వచ్చి, కుర్చీ దొరక్క మెట్ల మీద జనం మధ్య కూర్చున్నాడు.

"అబ్బాయాండీ, అమ్మాయాండీ?" అనడిగింది పక్కావిడ.

"చెరువులండీ."

"ఎన్నెకరాలండీ? వాటాలున్నాయా?" ఆవిడ దగ్గరికి జరిగింది.

"అదే కదండీ గొడవ! ఒక్కో చెరువుకి నలుగురైదుగురు వాటాదారులు, ఒక్కొక్కళ్ళకి నాలుగైదు చెరువుల్లో వాటా. ఇదివరకు వేరేవాళ్ళు చేసిన సాఫ్ట్‌వేరులో ఒక వాటాదారుణ్ణి తీసేస్తే చెరువే ఎగిరిపోయిందండీ!"

శ్రీదుర్గకి ఏడుపు ఒక్కటే తక్కువ. ఏదైతే అదయిందని బుల్లిరాజుని లోపలికి పిలిచింది. జనం కూడా ఆయన వెంటే వచ్చేశారు. ఆమె మీట నొక్కింది. తెరమీద ఒక వాటాదారు పేరు పోయింది. చెరువు మాత్రం అలాగే ఉంది, మిగతా వాటాదారులూ ఉన్నారు.

"అబ్బాయి తప్పుకున్నా ఆస్తి కదల్లేదండోయ్!" అని పెద్దాయన చప్పట్లు కొట్టాడు. గదంతా కొట్టింది.

"ఇదేనండీ నాక్కావలసింది! బంగారంలాంటి పిల్ల," అన్నాడు బుల్లిరాజు. "ఈ క్షణం నుంచి పర్మినెంటమ్మా," అన్నాడు ఖలీద్.

సరిగ్గా అప్పుడే రత్నమాణిక్యం, వీరరాఘవమ్మ ఆటో దిగి మెట్లెక్కి వచ్చారు. ఇదంతా చెరువుల లెక్కని విని వీరరాఘవమ్మ ముఖం విప్పారింది. "ఏవండీ, సంబంధాలన్నారు, ఇక్కడ చెరువులంటున్నారేంటండీ?"

రత్నమాణిక్యం ముఖం పాలిపోయింది. కూతురి వైపు చూసింది, చప్పట్లు కొడుతున్న జనాన్ని చూసింది. పమిట సర్దుకుని నిటారుగా నిలబడింది.

"మనుషులకి సంబంధాలు మీరూ కలుపుతారండీ. చెరువులకి కలిపేది మా అమ్మాయొక్కతే!"

శ్రీదుర్గకి కళ్ళు చెమర్చాయి. పని అర్థం కాకపోయినా అమ్మ ఇంత గర్వపడుతుంటే, ఇక విడమరచి చెప్పబుద్ధి కాలేదు.

మర్నాటికి ఊరంతా తెలిసిపోయింది: శ్రీదుర్గ చెరువులకి పెళ్ళిళ్ళు చేస్తుందట, ముహూర్తాలు మాత్రం ఖలీద్ గారు పెడతారట.