వైర్ల కుల్లాయి

డాక్టర్ గ్లోరియాగారికి మదనపల్లెలో జరిగిన ఘన సన్మానం గురించి నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నందున, అసలు సంగతి సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

గ్లోరియాగారు ఇక్కడి మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. పన్నెండేండ్లు బెంగుళూరులో ఎలుకల మెదళ్లు చదివినారు. చదివి చదివి ఒక సంగతి కనిపెట్టినారు. చూడి ఎలుకకు కడుపునిండా తిండి పెడితే పిల్ల ఎలుక మెదడు బాగుంటుంది. ఇది మనుషులకు చెబుదామని ఎలుకలను వదిలిపెట్టి, మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో తల్లీబిడ్డల పరిశోధన మొదలుపెట్టినారు. ఎలుకల్లో అత్తలు ఉండరు. అంతటి చదువులోనూ ఆ లోపం ఒకటి ఉండిపోయింది.

మదనపల్లె వైపు పెద్దమండ్యం నాగరత్నమ్మ కోడలు భారతికి అయిదో నెల. రక్తం ఏడు గ్రాములు. పదకొండన్నా ఉండాలి. ఇట్లాగే కాన్పుకు పోతే తల్లి దక్కేది కష్టమని గ్లోరియాగారికి భయం పట్టుకుంది. అంగన్‌వాడీలో భారతికిచ్చే గుడ్డు భద్రంగా ఇల్లు చేరి, ఆమె మొగుడు లోకేష్ కడుపులోకి పోతున్నట్టు విచారణలో తేలింది.

"కోడలికి యాల పెట్టలేదమ్మా?" అని గ్లోరియాగారు అడిగితే నాగరత్నమ్మ నోరు నొక్కుకుంది.

"వాడు ఆటో తోలేవాడు కదమ్మా, బలం కావల్ల. ఇది ఇంటికాడే కదా ఉండేది. నీళ్లు మోసేది, ఆవుల కాడ పేడ తీసేది, సేన్లో కలుపు పీకేది. ఇంతకు మించి పనేముండాది దానికి?"

గ్లోరియాగారు బొమ్మలతో చెప్పినారు, పాట కట్టి చెప్పినారు, చేతులు పట్టుకుని చెప్పినారు. ఆడోళ్లంతా శ్రద్ధగా విని, టీ తాగి, ఇండ్లకు పోయినారు.

అప్పుడు దిగింది వైర్ల కుల్లాయి. పసిబిడ్డ నెత్తిన తొడిగితే మెదడులో ఏం జరుగుతోందో కంప్యూటరులో గీతలు గీతలుగా చూపిస్తుంది. చూపించడమే తప్ప చేసేదేమీ లేదు. కానీ మదనపల్లెలో దాన్ని తొడిగించుకున్న మొదటి బిడ్డ వారం తిరక్కుండానే "అత్త" అన్నాడు. కుల్లాయి బుద్ధి ఎక్కిస్తుందని మూడు ఊర్లలోనూ ఏకగ్రీవంగా తీర్మానమైపోయింది.

పుంగనూరు ఈశ్వరప్ప రెండు నెలల దూడను తోలుకొచ్చినాడు. పొట్టి జాతి కాబట్టి నెత్తికి సరిపోతుందన్నాడు. కుప్పం వెంకటప్ప నలభై ఏండ్ల అల్లుణ్ణి తెచ్చి, "కొంచెం ఎక్కువసేపు పెట్టమ్మా, నీకు పుణ్యముంటాది" అన్నాడు. కోచింగ్ సెంటరు సుదర్శన్ సారు, కుల్లాయి తొడిగిన బిడ్డలకు ఐఐటీ ఫౌండేషన్ బ్యాచిలో పాల సీసాతో సహా ప్రవేశమని ఫ్లెక్సీ కట్టించినాడు.

"అది చూసేదే గాని ఇచ్చేది కాదమ్మా" అని గ్లోరియాగారు మొత్తుకున్నారు.

"అందరికీ బుద్ధొస్తే డాక్టర్ల పిల్లోళ్లకు సీట్లు యాడుంటాయి? అందుకే దాస్తాండాది" అని నాగరత్నమ్మ తేల్చేసింది.

ఆ పొద్దు గ్లోరియాగారు సైన్సుకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని, ఉద్యోగంలో మొదటి అబద్ధం ఆడినారు. "తల్లికి రక్తం పదకొండు లేకుంటే బిడ్డకు కుల్లాయి పట్టదు."

అంతే. నాగరత్నమ్మ కోడలి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "తినవే. ఇంగోటి తిను. నా మనవడి బుద్ధి యాడికి పోవల్ల?"

"అమ్మా, నాకు?" అన్నాడు లోకేష్.

"నీకు బుద్ధొచ్చే వయసు దాటిపాయలే నాయినా."

నెలలు నిండేసరికి భారతికి రక్తం పదకొండున్నర. సుఖంగా కాన్పయింది. పాప. నాగరత్నమ్మ అయిదు నిమిషాలు దేవుణ్ణి తిట్టింది. ఆరో నిమిషంలో కుల్లాయి అడిగింది.

మూడు ఊర్లలోనూ ఇదే వరస. తల్లులు తిన్నారు, బిడ్డలు బొద్దుగా పుట్టినారు. ఫలితాలు పైకి పోయినాయి. పైనున్నవాళ్లు వాటిని కూలంకషంగా పరిశీలించి, ఇదంతా కుల్లాయి మహిమేనని గ్రహించినారు.

సన్మాన సభలో అధికారి శ్రీరాములుగారు గంటంబావు ప్రసంగించినారు. "తల్లి గర్భమే తొలి బడి! కుల్లాయే తొలి యూనిఫారం! కావున వచ్చే నెల నుంచి గర్భిణులకు గుడ్డు నిలిపివేసి, దాని స్థానంలో ప్రతి బిడ్డకూ ఒక కుల్లాయి మంజూరు చేయడమైనది!" వైర్లు ఖరీదు కాబట్టి వైర్లు లేని కుల్లాయి. చప్పట్లకు షామియానా ఊగింది. గ్లోరియాగారు గాబరాగా మైకు కోసం లేచినారు. "మేడంగారికి ఆనందంతో మాట రావడం లేదు" అని ప్రకటించి, ఇంకో దండ వేసి కూర్చోబెట్టినారు.

తర్వాత భోజనాలు. సందర్భానికి తగినట్టు గుడ్ల కూర. ముందు వేదిక మీదివాళ్లు, ఆ తర్వాత పెద్దమనుషులు, ఆ తర్వాత మగవాళ్లు. ఆఖరు పంక్తి తల్లులది. అందులో భారతి ఉంది. ఒళ్లో పాప, కడుపులో మళ్లీ అయిదో నెల. "అక్కకెక్కిన బుద్ధినే తమ్ముడూ వాడుకుంటాడులే" అని నాగరత్నమ్మ గుడ్డును తిరిగి లోకేష్‌కు మార్చేసింది కాబట్టి, రక్తం మళ్లీ ఏడు.

గ్లోరియాగారు మెడలో దండలతోనే గరిటె పట్టుకుని భారతి ఆకు కాడికి వచ్చినారు. గిన్నె అడుగు దాకా గీకినారు. పులుసు వచ్చింది.

"గుడ్లన్నీ యాడికి పోయినాయప్పా?" అని ఆమె మావైపు చూసినారు.

మేమంతా చేతులు కడుక్కుంటా ఉండాము. నేను రెండే తిన్నాను. మీరు నా పక్క ఆకే కదా, ఎన్ని తిన్నారో నేనెవరికీ చెప్పను.