ఆశన్న నోరు మూసుకున్న రోజు

ఆ శుక్రవారం పొద్దున ఆశన్న పెట్టుకున్న పని ఒక్కటే. రిపేరుకిచ్చిన మోటారు రాగానే నది ఒడ్డుకు తీసుకుపోయి బిగించి, నారుమడికి నీళ్లు పెట్టి, ఇంటికొచ్చి పడుకోవడం. మరాఠీ రాష్ట్రపు అంచున ఉన్న సిరొంచలో వాన మొహం చాటేసి చాలా రోజులైంది. నారు ఎండుతోంది, ఆశన్న ఓపికా ఎండుతోంది.

కూతురు శ్రావణి పెట్టుకున్న పని వేరు. విమాన భద్రతలో డిగ్రీ చేసి, నగరంలో అదే చదువు ఎమ్మెస్సీ దాకా లాక్కొచ్చిన పిల్ల. అది ఎయిర్ హోస్టెస్ చదువు కాదని వాడకట్టంతటికీ చెప్పి చెప్పి అలిసిపోయింది. "విమానం ఎట్ల లేస్తదో గాదు, ఎందుకు పడ్తదో సదువుతున్న" అంటే, "అయ్యో, గసొంటి సదువెందుకు బిడ్డా" అని పక్కింటి లింగక్క జాలిపడింది. అప్పటినుంచి ఎవరేమన్నా తలూపి ఊరుకుంటోంది.

థీసిస్‌కు ఆమె ఎంచుకున్న విషయం ఇది: తప్పు చేసిన మనిషి తనంతట తానే వచ్చి చెబితే శిక్షించకూడదు. శిక్ష ఉంటే దాస్తాడు. దాచిన తప్పు పెరిగి పెరిగి ఒకనాడు విమానాన్ని కూలుస్తుంది. గైడ్ సారు ఇదంతా విని, "యజమానికి అందరూ భయపడే చోట ఒక్కరోజు ఈ పద్ధతి పెట్టి చూడు. శనివారం థీసిస్ రాసేవాళ్ల పేర్లు పైకి పంపుతాను. అందులో నీ పేరు లేకపోతే ఏడాది పోయినట్టే" అని సెలవులకు పంపాడు. అందరూ భయపడే యజమాని కోసం శ్రావణి ఎక్కువ దూరం వెతకలేదు.

"బాపూ, ఇయ్యాల ఎవలొచ్చి తమ తప్పు చెప్పుకున్నా నువ్వు ఒర్రద్దు, తిట్టద్దు. మంచిగ చెప్పినవ్ అనాలె. గంతే."

"తప్పు జేసినోన్ని పట్టుకొని మంచిగ చెప్పినవ్ అనాల్నా? గిదేం సదువు?"

"మీ బాపుతోని గాదు తియ్యి బిడ్డా" అంది రాజక్క పొయ్యి దగ్గరనుంచి. పెళ్లాం ఆ మాట అనేసరికి ఆశన్నకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఎందుకు గాదు? ఒట్టు!" అన్నాడు.

"అయితే ముందుగాల నాది విను" అని రాజక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "నీ పాత చెప్పులు కుక్క ఎత్కపోలే. నేనే పారేసిన. గవి ఏసుకొని పెండ్లికి వస్తనంటివి."

ఆ చెప్పుల కోసం ఆశన్న వీధిలో ఉన్న కుక్కలన్నిటినీ, వాటికి అన్నం పెట్టేవాళ్లనీ తిట్టి ఉన్నాడు. నోరు తెరిచాడు. కూతురి మొహం చూసి, "మంచిగ చెప్పినవ్" అన్నాడు.

ఇది చూసి జీతగాడు శ్రీనుకు ధైర్యం వచ్చింది. "అన్నా, మోటరు కరెంటుకు కాలలే. నీళ్లందక ఉత్తగ తిరుగుతుంటె నేను గట్టు మీద నిద్రవోయిన."

ఆశన్న కరెంటాఫీసుకు పోయి అక్కడి గుమస్తాను ఏడిపించి వచ్చింది ఈ మోటారు గురించే. "మంచిగ చెప్పినవ్" అన్నాడు.

అంతలో ఇనాయతుల్లా మోటారు తెచ్చి అరుగు మీద దించాడు. సిరొంచలో మోటార్లకు తీగ చుట్టేది ఆయనే. సంగతి విని గడ్డం గోక్కున్నాడు. "గట్లయితె నాది గూడ ఒకటుంది ఆశన్నా. పోయిన పంటకు కాలింది గూడ కరెంటుకు గాదు. ఇంట్ల పరేషాన్ల ఉండి నేనే వైండింగ్ తప్పు చుట్టిన."

"మరి గిప్పుడు?"

"గిప్పుడు మంచిగనే చుట్టిన. అనుకుంటున్న."

గోడ అవతలినుంచి లింగక్క వచ్చి, ఆశన్న మడి ఎప్పుడూ ముందే ఎండడానికి కారణం తాను ఒడ్డు తెంపి నీళ్లు మళ్లించుకోవడమేనని చెప్పి, తేలికపడి వెళ్లింది. ఆమె ఆ కబురు వీధిలో చెప్పింది. ఇక ఆగలేదు. ఆశన్న ఇంట్లో ఏం చెప్పుకున్నా ఏమీ అనడట అని జనం వస్తూనే ఉన్నారు. జిమల్‌గట్ట బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, ఇది ఏం సర్కారు యోజన, ఆధార్ జిరాక్సు కావాలా అని అడిగారు. ఒకాయన భామ్రాగడ్‌లో ఉండే బావమరిదికి తాను చేసిన అన్యాయం చెప్పుకోవడానికి వచ్చాడు. "ఆయన దూరముంటడు, నువ్వే విను" అన్నాడు. ఆశన్న విన్నాడు. మోటారు అరుగు మీదే ఉంది.

మధ్యాహ్నానికి ఆశన్న మొహం పీక్కుపోయింది. పెరట్లో బర్రె మేత తొట్టి తన్నేసింది. తిట్టబోయి ఆగి, లోపలికొచ్చి కూతుర్ని అడిగాడు. "బర్రెకు గూడ గిదే రూలా?"

"అది తనంతట తాను చెప్పలే గద బాపూ. తిట్టుకో."

ఆశన్న వెళ్లి, పొద్దుటినుంచి కూడబెట్టిందంతా బర్రెకు అప్పజెప్పాడు. బర్రె నెమరు వేస్తూ విన్నది.

శ్రావణికి మాత్రం పట్టరాని సంతోషం. ఇంత బాగా పనిచేస్తుందని ఆమే అనుకోలేదు. సారుకు చెబుదామని ఫోన్ చేస్తే మోగుతోంది కానీ ఎత్తడం లేదు. ఎన్నిసార్లు చేసినా అంతే. పొద్దు వాలేసరికి ఆమెకు భయం పట్టుకుంది. రేపే శనివారం.

అప్పుడు ఆశన్న వచ్చి దూరంగా గడప మీద కూర్చున్నాడు. "బిడ్డా, నాది గూడ ఒకటుంది."

"చెప్పు బాపూ" అంది మురిసిపోయి.

"మీ సారు మొన్న నా ఫోనుకు జేసిండు. నీకు సిగ్నల్ అందలేదట. పేరు పంపాలె, ఆఖరు తారీకు అన్నడు. ప్లాట్లు అమ్మేటోళ్లు రోజు సతాయిస్తున్నరు గద, నేను గాళ్లే అనుకున్న. మరాఠీల తిట్టిన. కడుపు నిండలే. తెలుగుల తిట్టిన. మా బిడ్డ పేరు తీసెయ్, మల్ల జెయ్యకు అన్న. ఆయన గూడ ఏదో అన్నడు. సారని ఆఖర్ల చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఒర్రుతవని."

శ్రావణి ఒర్రింది. ఇన్నేళ్ల చదువు, హాస్టల్ తిండి, ఎయిర్ హోస్టెసా అని అడిగిన ప్రతి మనిషి మీది విసుగూ కలిపి ఒర్రింది. చెప్పుకోవడానికి వాకిట్లో కూర్చున్న నలుగురూ చప్పుడు చేయకుండా లేచి వెళ్లిపోయారు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు రాజక్క మెల్లగా అంది. "మంచిగ చెప్పినవ్ అనాలె బిడ్డా."

శ్రావణికి సిగ్గుతో ఏడుపొచ్చింది. "మంచిగ చెప్పినవ్ బాపూ" అని, ఇనాయతుల్లా ఇంటికి పరుగెత్తి ఆయన ఫోన్‌తో చేసింది. తెలియని నంబరు కదా, సారు ఎత్తాడు. ఆమె క్షమాపణలు పూర్తికాకముందే మరాఠీలో అడ్డుపడ్డాడు.

"నీ పేరు తీయలేదమ్మా. తీస్తే ఎందుకు తీశానో మా హెడ్‌కు చెప్పాలి. మీ నాన్నను నేను తిరిగి తిట్టిన సంగతి బయటపడుతుంది. మా హెడ్ కోపం నీకు తెలుసు కదా. భయపడి ఏమీ జరగనట్టు ఊరుకున్నాను. నీ ఫోన్ ఎత్తడానికీ అందుకే మొహం చెల్లలేదు."

శ్రావణి గోడకు ఆనుకుంది. భయంతో దాచడమే ప్రమాదమని చెప్పబోయే థీసిస్‌ను, ఒక మనిషి భయంతో దాచడమే బతికించింది. దాని గురించి ఆలోచించే ఓపిక ఆ పూట ఆమెకు లేదు.

"ఇంతకూ నీ ప్రయోగం ఎలా జరిగింది?" అన్నాడు సారు.

"బాగా జరిగింది సార్."

తన సంగతి మాత్రం థీసిస్‌లో రాయవద్దని సారు అన్నాడు. శ్రావణి రాయలేదు, తాను ఒర్రిన సంగతి కూడా.