పెద్దాసుపత్రిలో తాచుపాము డ్యూటీ

ఏలూరులోని ఒకానొక పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో మంచాలు ఎన్నడూ ఖాళీగా ఉండవనీ, వైద్యంపై ప్రజలకున్న నమ్మకానికి ఇదే నిదర్శనమనీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. రోగాన్ని బట్టి మంచం ఇవ్వడం పాత పద్ధతి. అక్కడ "ఎవరి తాలూకండీ?" అని మర్యాదగా అడిగి మరీ ఇస్తారు.

కొల్లేటికోట ప్రభుదాసు ఎవరి తాలూకూ కాడు. ప్రభుత్వంవారు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగగొట్టిన ఏడాది అది. గట్టుతోపాటు పుట్ట పోయిన తాచొకటి తన కోపమంతా పొద్దున్నే అతని పాదం మీద చూపించింది. ఏ పామని డాక్టర్లు అడుగుతారు కదా అని భార్య హన్నమ్మ దాన్ని కర్రతో ఒక్కటేసి, థర్మాకోల్ పెట్టెలో కింద ఐసు, పైన ఐసు పోసి, మొగుణ్ణీ పెట్టెనీ ఆటో ఎక్కించింది. చేపల ఊళ్ళో ఏ సరుకైనా అలాగే పంపుతారు మరి.

"ఎవరి తాలూకండీ?" అన్నాడు గుమ్మంలో వార్డుబాయ్.

"పాము కరిచిందండీ బాబూ!"

"కరవకపోతే ఎందుకొస్తారండీ. ఫోనెవరు చేశారని అడుగుతున్నాను."

ఎవరూ చేయలేదు కాబట్టి ప్రభుదాసుకు నేల మీద చోటు దయచేశారు. అక్కడ అప్పటికే గుండెనొప్పి ముసలమ్మా, లారీ గుద్దిన మేస్త్రీ ఉన్నారు. మొదటి మంచం మీద నాయకులు బాపిరాజుగారు. రాత్రి విందులో రొయ్యల వేపుడు రెండు చేతులా ఆరగించడంతో పాపం తేన్పులు ఆగడం లేదు. రెండో మంచం మీద తోడొచ్చిన బావమరిది. మూడోది బావమరిది క్యారేజీకి. మిగతావి అనుచరులకు. ఉన్న ఒక్క డాక్టరమ్మ షిరీన్‌గారిని వాళ్ళు అటూ ఇటూ కదలనివ్వడం లేదు.

ప్రభుదాసు కనురెప్పలు వాలిపోతున్నాయి. మాటలన్నీ వినపడుతున్నాయి గానీ నోరు పెగలడం లేదు. ఇలా నేల మీదే పోతానా అని ఏడుపొచ్చింది.

"చూశారా!" అన్నారు బాపిరాజుగారు. "కటిక నేల మీద ఎంత హాయిగా కునుకు తీస్తున్నాడో! ఆ సుఖం మనకేదండీ? ఇలాంటి సామాన్యుడికి వైద్యం అందించడమే నా జీవితాశయం!" తేన్పు. చప్పట్లు.

హన్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. "కునుకు కాదండీ, విషం ఎక్కుతోందండీ! కళ్ళుంటే చూడండి!" అంటూ పెట్టె తెచ్చి వాళ్ళ ముందు మూత తీసింది.

ఐసు కరిగింది. పాము చావలేదు. చల్లగా పడుకుని లేచిందేమో, బాపిరాజుగారి వైపు తిరిగి పడగ విప్పింది.

తేన్పులు ఠక్కున ఆగిపోయాయి. బాపిరాజుగారు కిటికీలోంచి దూకారు. బావమరిది క్యారేజీ మరిచిపోకుండా దూకాడు. రెప్పపాటులో మంచాలన్నీ ఖాళీ. నేల మీదివాళ్ళు మాత్రం ఒక్కరూ కదల్లేదు. కదిలే ఓపికుంటే అక్కడికెందుకొస్తారు?

పాము తన దారిన మురిక్కాలువలోకి పోయింది. "అయితే పేషెంట్లు వీళ్ళన్నమాట!" అంటూ షిరీన్‌గారు పామును చూసి ఎక్కిన టేబులు దిగి, ప్రభుదాసును మంచం ఎక్కించి విషానికి ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి అతను కళ్ళు తెరిచాడు. హన్నమ్మ అప్పుడు కూలబడి ఏడ్చింది.

ఆ పామును వార్డులో పర్మినెంటు చేయాలని డాక్టరమ్మ పైవాళ్ళను కోరారు. వాళ్ళు ఒక్కటే అడిగారు, అది ఎవరి తాలూకని.

మర్నాటికి మంచాలు యథాప్రకారం నిండాయి. మూడో మంచం మీద చిటికెనవేలు బెణికి మూలుగుతున్నది మీ తోడల్లుడుగారే. ఫోను చేసింది మీరే కదండీ?