మార్లీన్ మెడ మీద ఊరి రోడ్డు

ఊరి బోర్డు రోడ్ల మీద మంచు తియ్యకూడదు! తీస్తే జనం సోమరిపోతులైపోతారు. నవ్వకండి, నిజంగానే అంటున్నాను.

అమెరికాలోని మా వెర్మాంట్ కొండల్లో బక్ హిల్ రోడ్డునే తీసుకోండి. దాని చివర మార్లీన్ పెల్కీ, ఆమె మొగుడు ఆర్మండ్, వాళ్ల ఆవులు. రోజు విడిచి రోజు పాల లారీ రావాలి. రాకపోతే ట్యాంకు నిండిపోయి, ఆ పైన పితికిన ప్రతి చుక్కా కాలవపాలే. చలికాలం మొదట్లో బోర్డు అధ్యక్షుడు హార్లన్ స్టాడర్డ్ తేల్చి చెప్పేశాడు: "మా మంచు తోసే లారీ మీ రోడ్డు మలుపు దాకానే వస్తుంది. ఆపైన మీ ఓపిక."

ఎంత దయ! ఆ లారీ మలుపు దాటి వచ్చి ఉంటే మార్లీన్ వెల్డింగ్ నేర్చుకునేదా? కొట్టం వెనక తుప్పు పట్టి పడున్న పాత నూనె ట్యాంకుకి మోక్షం దొరికేదా? దాన్ని నిలువునా కోసింది. వంపు తిరిగిన ముక్కకి కింద ఇనప బద్దె అతికింది. మంచు తోసే బ్లేడు తయారు!

ఒకటే చిక్కు. వాళ్ల ముసలి ట్రాక్టరుకి బరువు లేపి దించే చేతులు వెనక మాత్రమే ఉన్నాయి. బ్లేడూ వెనకే బిగించింది. అంటే రోడ్డు పొడుగునా రివర్సులోనే నడపాలి, మెడ వెనక్కి తిప్పుకుని.

"ఏమేవ్! ఊళ్లోకి పోతున్నావా, ఊళ్లోంచి వస్తున్నావా?" గుమ్మంలోంచి అరిచాడు ఆర్మండ్.

"నీ మొహం చూడక్కర్లేకుండా పోతున్నా! కాఫీ పెట్టి ఉంచు!"

మెడకి ఇంతటి వ్యాయామం ఏ డాక్టరు చేయిస్తాడు చెప్పండి? నన్నడిగితే మంటలార్పే బండి కూడా ఎత్తేయాలి. ఇల్లు అంటుకుంటే తప్ప బకెట్టు విలువ తెలీదు. వంతెనలు పడగొట్టండి, ఊరంతటికీ ఈత వచ్చేస్తుంది!

అలా చలికాలమంతా మార్లీన్ వెనక్కి వెనక్కి నడిపి రోడ్డు తీసింది. పాల లారీ వచ్చింది, పోయింది.

మార్చిలో ఊరి సభ. ఆ పొద్దున మోకాలి లోతు మంచు. పాల లారీ వచ్చే రోజు కూడా అదే. మార్లీన్ ట్రాక్టరు ముట్టుకోలేదు.

"పిచ్చెక్కిందా నీకు? ట్యాంకు అంచుదాకా ఉంది!" అన్నాడు ఆర్మండ్.

"తెలుసు."

బూట్లు తొడుక్కుని మలుపు దాకా మంచులో ఈడ్చుకుంటూ నడిచి, అక్కడ ఎవరి బండో ఎక్కింది. దారంతా ఆమె కళ్ల ముందు పాలే. కాలవలో తెల్లగా పారుతూ.

సభలో స్టాడర్డ్ లేచాడు. "మన మార్లీన్! స్వశక్తి అంటే ఇదీ! చప్పట్లు!"

చప్పట్లే చప్పట్లు! అవి ఆగకముందే రెండో ముక్క అన్నాడు. "ఆ రోడ్డు ఎలాగూ బాగానే ఉంటోంది కనక, మన మంచు లారీ వెళ్లే రోడ్లలోంచి శాశ్వతంగా తీసేద్దాం. సరేనన్నవాళ్లు చేతులెత్తండి."

చప్పట్లు కొట్టిన చేతులే పైకి లేస్తున్నాయి. మార్లీన్ ఫోను మోగింది. పాల లారీ డ్రైవరు. అందరికీ వినబడేలా పెట్టింది.

"మలుపు దగ్గరున్నా మార్లీన్. రోడ్డేదమ్మా? కాసేపు చూసి వెళ్లిపోతా, నేనింకా పాలకి తిరగాల్సిన కొట్టాలు బోలెడున్నాయి."

మార్లీన్ నేరుగా వేదిక దాకా నడిచి, ఫోను స్టాడర్డ్ చేతిలో పెట్టింది.

"ఆ రోడ్డు మీ బోర్డుదే. మీరే చెప్పండి."

ఊరంతా స్టాడర్డ్ మొహం కేసి చూస్తోంది. లేచిన చేతులు ఒక్కటొక్కటే దిగిపోయాయి. ఆయన ఫోన్లోకి దగ్గాడు. "అక్కడే ఉండు బాబూ. మా మంచు లారీ... బయల్దేరుతోంది."

చూశారా! మార్లీన్ మంచు తోసినన్నాళ్లూ రాని ఊరి మంచు లారీ, మానేసిన పూటే వచ్చింది. కాబట్టి అయ్యా, అమ్మా, మీ ఊళ్లో కూడా ఎవరో ఒక మంచి మనిషి ఊరి పని నెత్తిన వేసుకునే ఉంటారు. వాళ్లకి చప్పట్లు కొట్టకండి. వెళ్లి వాళ్ల చేతులు కట్టేయండి!