కుడివైపు కంట్రోల్ బటన్

రంగుల కొట్టు యజమానిని బజారంతా 'రెండెందుకు గారు' అనేది. ఏ వస్తువు జతగా కనిపించినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. కొట్టుకు రెండు తలుపులుంటే ఒకటి మూయించి అక్కడ అలమర పెట్టించాడు. కళ్ళజోడుకు రెండు కాడలెందుకని అడగలేదంటే, ఒక్క కాడతో ముక్కు మీద నిలవదని తెలుసు గనక.

ఆ ఉదయం ఆయన వేసుకున్న లెక్క చిన్నదే. కాసేపట్లో బడి నుంచి హెడ్మిస్ట్రెస్ వస్తుంది. భవనమంతటికీ లేత వెన్నరంగు అని ఫోనులో ఖాయం చేసింది. కళ్ళముందు కలిపిన రంగు చెక్క మీద పూసి చూసుకుని ఆర్డరిచ్చి వెళుతుంది. "నన్ను నిలబెట్టారంటే మాత్రం ఎదురుకొట్టుకు పోతాను" అని అదీ ఖాయం చేసింది. తలుపులకూ కిటికీలకూ ఏడాదంతా అమ్మేది ఒక ఎత్తు, ఈ బడి ఒక్కటే ఒక ఎత్తు.

రంగు కలపడానికి కష్టమేమీ లేదు. కంప్యూటర్లో రంగు ఎంచి ఒక్క నొక్కు నొక్కితే, పక్కనున్న మిక్సింగ్ మిషన్ కింద పెట్టిన తెల్ల పెయింటులోకి కావలసినన్ని చుక్కలు వదులుతుంది. తెల్ల డబ్బా ఆవిడ వచ్చాక ఆవిడ ముందే విప్పాలి. అందాకా మిషన్ కింద చోటు దండగ కాకూడదని, అడుగూ బొడుగూ మిగిలిన పాత డబ్బాలు రెంటిలో ఒకదాన్ని రెండోదాంట్లోకి వంపి అక్కడ పెట్టి, ఖాళీ అయినదాన్ని మూలకు నెట్టాడు. అవి ఏ రంగులో చూడలేదు. మిగుళ్ళకు రెండు డబ్బాలెందుకు?

తెరకు ఒక సగంలో రంగుల పేజీ తెరిచి ఉంచాడు. రెండో సగంలో ఆట ఉంది.

కోటలో దొంగ తిరిగే ఆ పాత ఆట ఒక్కటే ఆయనకున్న వ్యసనం. అది పాత కంప్యూటర్లో తప్ప ఆడదు. కొత్తది రాగానే పాతదాన్ని అమ్మేశాడు. ఆట గుర్తొచ్చి దిగాలుపడితే, కంప్యూటర్ల ఉద్యోగం చేసే కూతురు ఉపాయం చెప్పింది.

"కొత్త కంప్యూటర్ లోపలే ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు పెడతాను నాన్నా. వర్చువల్ మిషన్ అంటారు."

"అంటే మనింట్లో అద్దెకున్నట్టా?"

"అలాగే అనుకో."

అద్దెకు దిగినవాడు ఆడాడు గానీ, మౌస్ ఇంత కదిపితే దొంగ బొంగరంలా గిర్రున తిరిగి ఇంటికప్పు కేసి చూస్తున్నాడు. ఆ ఉదయం కూతురికి ఫోను చేశాడు.

"పైన మెనూలో మౌస్ ఇంటిగ్రేషన్ అని ఉంటుంది, అది తీసెయ్ నాన్నా."

"తీస్తే?"

"ఇప్పుడు మౌస్ 'నేను ఫలానా చోట ఉన్నా' అని చెబుతోంది. పాత ఆటకేమో 'ఇంత జరిగా' అంటేనే అర్థమవుతుంది. అందుకే వాడికి కళ్ళు తిరుగుతున్నాయి. అది తీసేస్తే మౌస్ పూర్తిగా ఆటకే వెళ్ళిపోతుంది. మళ్ళీ బయటికి రావాలంటే..."

"నడుస్తున్నాడమ్మా! తిన్నగా నడుస్తున్నాడు! ఉంటాను" అని ఆయన ఫోను పెట్టేశాడు. పనైపోయాక మాటలు దండగ.

దొంగ మూడో ప్రహరీ దాటి కుక్కల దొడ్లోకి దిగుతుండగా, గల్లాపెట్టె దగ్గరున్న భార్య అంది. "ఏమండీ, హెడ్మిస్ట్రెస్ గారి స్కూటర్ వీధి మలుపు తిరిగింది."

ఆయన మౌస్‌ను రంగుల పేజీ వైపు జరిపాడు. దొంగ అటు తిరిగాడు. ఇంకా జరిపాడు. దొంగ గోడకు ముక్కు రాశాడు.

"దొంగను తర్వాత పట్టుకుందురు గానీ, ముందు వెన్నరంగు సంగతి చూడండి."

"చూడాలంటే తెర మీద మౌస్ బాణం ఉండాలి కదే! బాణం వాడి దగ్గరుంది."

ఇంకో మౌస్ తగిలిస్తే సరి అనుకుంది ఆవిడ. తమకు ఇంకోటి ఉండే ప్రశ్నే లేదు గనక పక్కనున్న జిరాక్సు కొట్టుకు పరుగెత్తింది. మౌస్ వచ్చింది, మౌస్ వెనకే, ఇచ్చిన వస్తువు తిరిగొస్తుందో లేదోనని జిరాక్సాయనా వచ్చాడు. తగిలించాక యజమానీ జిరాక్సాయనా చెరో మౌస్‌తో అదే దొంగను లాగడం మొదలుపెట్టారు.

"కరెంటు తీసెయ్యండి అన్నగారూ, పీడా పోతుంది" అన్నాడు జిరాక్సాయన.

"తీస్తే మిక్సింగ్ మిషన్ గొట్టాలన్నీ కడుక్కుని లేచేసరికి మధ్యాహ్నం భోజనాలవుతాయి."

ఈలోగా హెడ్మిస్ట్రెస్ లోపలికి రానే వచ్చింది. యజమాని గబుక్కున తెరకు రంగుల అట్ట ఒకటి అడ్డంపెట్టాడు.

"కూర్చోండి మేడమ్. మిషన్ వేడెక్కుతోంది. ఎంత వేడెక్కితే వెన్నరంగు అంత బాగా వస్తుంది."

అట్ట వెనక కుక్కలు మొరిగాయి.

"కొట్లో కుక్కలున్నాయా?" ఆవిడ స్టూలు కిందికి వంగి చూసింది.

"లేవు మేడమ్, పక్కకొట్లో."

"నా దగ్గర కుక్కలెక్కడివండీ!" అన్నాడు జిరాక్సాయన.

మళ్ళీ మొరిగాయి, ఈసారి గుంపుగా. బడినంతా కనుచూపుతో అదుపులో పెట్టే మనిషి కాళ్ళు రెండూ పైకి తీసుకుని స్టూలు మీద ముడుచుకుంది. "ముందు వాటిని కట్టెయ్యండి. లేకపోతే నేను ఎదురుకొట్టుకు వెళ్ళిపోతా."

"మీరు దిగకండమ్మా, దిగితే కరుస్తాయి" అంది యజమాని భార్య. ఆర్డరు గడప దాటకుండా ఆపడానికి అంతకు మించిన మాట ఆవిడకు తోచలేదు.

జిరాక్సాయన అట్ట వెనక్కి తొంగిచూస్తూ ఆటలోని కుక్కల మీదికి రాళ్ళు విసరడానికి మౌస్ టకటకా నొక్కుతుంటే, యజమాని మూలకు వెళ్ళి కూతురికి ఫోను చేశాడు.

"అదే చెప్పబోయాను, పెట్టేశావ్. కుడివైపు కంట్రోల్ బటన్ నొక్కు నాన్నా, వచ్చేస్తుంది."

"కుడివైపు కంట్రోల్ లేదమ్మా."

"ఏమైంది?"

"ఎడమవైపు వెళ్ళింది. అక్కడిది విరిగితే దీన్ని పీకి పెట్టా. ఒకే పనికి రెండెందుకని."

"సరే. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కు."

"డిలీట్ కూడా పీకేశా. చెరపడానికి బ్యాక్‌స్పేస్ ఉంది కదా."

"పోనీ, కుడి కంట్రోల్ పీకినచోట కన్నం ఉంటుందిగా. అందులో పుల్లతో పొడువు."

"కన్నం లేదు. లప్పం పెట్టేశా."

"కీబోర్డుకా!"

"కన్నం కనిపిస్తే లప్పం పెట్టక ఏం చేస్తామమ్మా, మన వృత్తే అది. పైన రంగు కూడా వేశా."

ఫోను పక్కన పెట్టాడు. గోడలు గీకే రేకు తీసుకుని, తన చేత్తో నున్నగా పెట్టిన లప్పాన్ని తనే గీకడం మొదలుపెట్టాడు. ముప్పయ్యేళ్ళలో ఆయన పెట్టిన లప్పం ఎక్కడా ఊడలేదని పేరు. ఇక్కడా ఊడలేదు. చెమటలు పట్టాక పెచ్చు లేచింది. బ్రష్షు కాడ తిరగేసి కన్నంలో పొడిచాడు.

బాణం బయటికొచ్చింది. వచ్చింది గానీ, ఆ సంగతి కుక్కలతో పోరాడుతున్న జిరాక్సాయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన విసిరే రాళ్ళన్నీ రంగుల పేజీ మీద ఎక్కడ పడితే అక్కడ పడ్డాయి. మిక్సింగ్ మిషన్ గుర్రుమని, కింద ఉన్న మిగుళ్ళ డబ్బాలోకి నీలం, ఎరుపు, పసుపు, మళ్ళీ నీలం వరసగా వదిలి, బుద్ధిగా కలిపి ఆగిపోయింది.

ఆట నిలిచిపోయి మొరుగుడు ఆగడంతో హెడ్మిస్ట్రెస్ స్టూలు దిగింది. ఎవరూ అడ్డుపడేలోపే డబ్బాలో బ్రష్షు ముంచి చెక్క మీద పూసింది. బూడిదా కాదు, ఆకుపచ్చా కాదు, వాన వెలిసినప్పటి రాతిగోడలా ఉంది.

"ఇదా మీ వెన్నరంగు?"

"అది... మేడమ్..."

ఆవిడ నేల మీది దుమ్ములో అరచెయ్యి అద్ది, ఆరీ ఆరని పూత మీద చరిచింది. చెక్కను వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. చెయ్యి పడినచోటు ఎక్కడో కనిపించలేదు.

"వెన్నరంగు మా కమిటీ వాళ్ళ ముచ్చట. గోడలకు చేతులు పెట్టే పిల్లల సంగతి వాళ్ళకేం తెలుసు? నాకిదే కావాలి. బడంతా ఇదే, ప్రహరీతో సహా" అంది. "కానీ ఒక గది ఒకలా, ఇంకో గది ఇంకోలా ఉంటే మొత్తం తిప్పి పంపేస్తా. నా ముందే, అచ్చం ఇలాంటిది ఇంకో డబ్బా కలిపి చూపించండి."

జిరాక్సాయన మౌస్ ఊడదీసుకుని మెల్లగా తన కొట్టుకు వెళ్ళిపోయాడు. మిషన్ ఏయే చుక్కలు వేసిందో తెర మీద ఉంది. ఆ డబ్బాలో ముందునుంచీ ఉన్న రెండు రంగుల్లో ఒకదాని పేరు డబ్బా మీదే ఉంది, రెండోదాని పేరు మాత్రం ఖాళీ డబ్బా మీద ఉండాలి. యజమాని వెనక్కి తిరిగి, మూల ఖాళీగా ఉండటం చూసి భార్య చెవిలో అడిగాడు.

"పొద్దున వంపేసిన ఆ ఖాళీ డబ్బా ఏదే?"

"పాతసామాన్ల బండికి వేసేశా. పెయింటున్న డబ్బా ఒకటి ఉంది కదా, రెండెందుకూ?"