ఇన్‌స్పెక్టరమ్మ తొలి తనిఖీ

శనివారం పొద్దున్నే రిటైర్డ్ బస్సు డ్రైవరు ఫ్రిజ్ తలుపు తీసి, కింది అరలో ఉన్న స్టీలు గిన్నెను మురిపెంగా చూసుకున్నాడు. ముందురోజు సాయంత్రం కోడి ముక్కలకు ఉప్పూ కారమూ పెరుగూ తన చేత్తోనే పట్టించి పెట్టాడు. కూతురు సోమవారం ఆహార తనిఖీ అధికారిగా ఉద్యోగంలో చేరబోతోంది. ఆ సంబరంలో డిపోలో తనతో పనిచేసిన నలుగురిని ఆదివారం భోజనానికి పిలిచాడు.

ఆయన అటు బజారుకు వెళ్లాడో లేదో, పాలగిన్నెకు చోటు చాలక ఇల్లాలు కోడి గిన్నెను తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది. పది నిమిషాల్లో సర్దేద్దామనుకుంది. ఈలోగా వాళ్లక్క ఫోను చేసింది. అక్కాచెల్లెళ్ల పది నిమిషాలు ఎంతసేపో తెలిసిందే. అత్తగారు వంటింట్లోకి వచ్చి, ముక్కలు నానాలని కొడుకే బయట పెట్టాడనుకుని, పిల్లి ముట్టకుండా గిన్నె మీద బుట్ట బోర్లించింది. ఫోను పెట్టేసి వచ్చిన ఇల్లాలు, గిన్నె కనిపించకపోయేసరికి ఆయనే లోపల పెట్టాడనుకుంది. సాయంత్రం ఆయన, గిన్నె ఫ్రిజ్‌లో కనిపించకపోయేసరికి, భార్యే పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించిందనుకున్నాడు. ఒక్కరూ నోరు విప్పి అడగలేదు.

ఆదివారం తెల్లవారి ఇల్లాలు బుట్ట ఎత్తితే, కింద కోడి గిన్నె అలాగే ఉంది. చల్లబడితే అదే సర్దుకుంటుందిలెమ్మని, గుట్టుచప్పుడు కాకుండా గిన్నెను ఫ్రిజ్‌లోకి తోసేసింది.

పదకొండు గంటలకు స్నేహితులు ముందు గదిలో కూర్చున్నారు. డ్రైవరుగారు నూనె కాచి, ఫ్రిజ్‌లో మళ్లీ కనిపించిన గిన్నె మూత తీశాడు. పుల్లటి వాసన గుప్పుమంది. రెండు నిమ్మకాయలు పిండాడు. అంతలో కూతురు వచ్చింది.

"నాన్నా, ఆగు. ఏంటా వాసన?"

"మసాలా ఘాటమ్మా. నాకు తెలీదా?"

ఆమె గరిటెతో ఒక ముక్క పైకెత్తింది. జిగురు తీగలా సాగింది. కారం కింద మాంసం బూడిద రంగుకు తిరిగింది.

"ఇది బయట ఎంతసేపుంది?"

"క్షణం కూడా లేదు!"

ఇల్లాలు గోడ వైపు చూసింది. "పది నిమిషాలు..." అంది. కూతురి చూపు తట్టుకోలేక, "నిన్న పొద్దుటి నుంచి ఇవాళ పొద్దుటి దాకా" అని పూర్తి చేసింది.

"పిల్లి మాత్రం ముట్టలేదే తల్లీ!" అని నాయనమ్మ భరోసా ఇచ్చింది.

"రెండు గంటలు బయట ఉంటేనే పారేయాలి నాన్నా."

"బాగా వేయించేస్తే సరి! బయట నలుగురున్నారు, నా పరువు..."

"వేడికి క్రిములు చస్తాయేమో కానీ, అవి వదిలిన విషం పోదు. నీకు పరువు కావాలా, ఆ నలుగురూ కావాలా?"

గిన్నెడు కోడీ చెత్తసంచిలోకి పోయింది. ఆమె గొంతు మొదటి నుంచీ గట్టిదే. డ్రైవరుగారు వెనక్కి తిరిగేసరికి స్నేహితులు నలుగురూ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇక జన్మంతా నవ్వుతారని ఆయన తల దించుకున్నాడు.

ముసలి కండక్టరు ముందుకొచ్చి ఆయన భుజం తట్టాడు. "ఒరేయ్, ఇంకా కుర్చీలో కూర్చోకుండానే కన్నతండ్రిని పట్టేసిందిరా! ఇలాంటి అమ్మాయి ఉంటే ఊరంతా నిశ్చింతగా తినొచ్చు."

డ్రైవరుగారి తల మెల్లగా పైకి లేచింది. "తండ్రినని కూడా చూడలేదు చూశావా!" అంటూ మీసం దువ్వాడు. ఆ పూట అందరికీ గుడ్డట్లు వేసి, వడ్డించిన ప్రతిసారీ అదే మాట చెప్పాడు. సాయంత్రానికి వీధి చివరి ఇంటిదాకా చెప్పి వచ్చాడు.

ఆ తర్వాత ఆరు నెలలు ఆ వీధిలో ఒక్కరూ వాళ్లను భోజనానికి పిలవలేదు. ఆ సంగతి కూడా ఆయన గర్వంగానే చెప్పుకుంటాడు.